ఎడమ చేతి మీది తువ్వాలు

పొద్దున్న ఏడూ ఇరవైకి మా వంటామె వసారాలో బల్ల మీద నాలుగు పళ్ళేలు పెట్టి ఇడ్లీ వడ్డించింది. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ముగ్గురు. ప్లీడరు గారు, ఆయన భార్య, పదహారేళ్ళ కూతురు. నాలుగో పళ్ళెం ముందు కుర్చీ ఖాళీగా ఉంది. వంటామె పొరపాటు పడలేదు. అమ్మగారు అడిగారు కాబట్టి పెట్టింది. పెట్టి వంటింట్లోకి వచ్చి, పమిటతో చేతులు తుడుచుకుంటూ, "పోయినేడు ఆ అబ్బాయి అల్లం పచ్చడి రెండుసార్లు వేయించుకున్నాడండి" అంది.

ఈ రోజుల్లో హోటళ్ళలో, రిసార్టుల్లో పని నేర్చుకుంటున్న పిల్లలు కొందరు నా దగ్గరికి వచ్చి, మీ కాలంలో ఎలా ఉండేది అని అడుగుతుంటారు. చెప్పుకోదగ్గ గొప్పలు నా దగ్గర లేవు. ఈ ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టాలనుకున్నాను.

అరవయ్యో దశకం మొదట్లో బందరుకు దగ్గర్లో సముద్రపు ఒడ్డున ఒక విడిది ఉండేది. పాత బంగళా, వెనక నాలుగు గదులు, చుట్టూ సరుగుడు చెట్లు. వేసవి సెలవుల్లో కుటుంబాలు వచ్చి నాలుగైదు రోజులు ఉండేవి. పొద్దున్న సముద్రస్నానం. ఫలహారం తర్వాత మా వ్యాన్‌లో బందరుకోట, పెడన, గుడివాడ, ఘంటసాల చూసి సాయంత్రానికి తిరిగి రావడం. నేను అక్కడ మేనేజరును. పేరుకే మేనేజరు, దీపాల్లో కిరసనాయిలు కూడా నేనే పోసేవాణ్ణి.

అక్కడ సముద్రం లోతు తక్కువ. చాలా దూరం నడిచినా నీళ్ళు నడుము దాటవు. పిల్లలున్నవాళ్ళు అందుకే వచ్చేవారు. కాకపోతే అడుగున ఇసుక ఒకచోట ఉండదు. నిన్న మేట వేసినచోట ఇవాళ గుంట పడుతుంది. అందుకని ఒడ్డున ఒక మనిషిని పెట్టుకున్నాం. పక్క పల్లెలోని బెస్తవాడు, వయసు మళ్ళినవాడు. మేమంతా తాత అనేవాళ్ళం.

తాతకు ఒక పద్ధతి ఉండేది. నీళ్ళలోకి దిగే ప్రతి మనిషీ తన తువ్వాలు తాత కుడిచేతి మీద వేసి దిగాలి. బయటికి వచ్చాక తానే వచ్చి చేయి చాపాలి. తాత వెంటనే ఇవ్వడు. "వెనక ఎవరన్నా ఉన్నారా?" అని అడుగుతాడు. ఆ మనిషి వెనక్కి తిరిగి సముద్రాన్ని చూసి, ఉన్నారనో లేరనో చెప్పాలి. అప్పుడు ఇస్తాడు. తువ్వాలు ఇసుక మీద పెట్టడు, మడత పెట్టడు, ఒకరిది ఇంకొకరికి ఇవ్వడు. వల ఎక్కడైనా చిక్కుకుంటే విడిపించడానికి నీళ్ళలోకి దూకే మనిషి తలగుడ్డను వాళ్ళ పల్లెలో ఇలాగే ఒడ్డున ఇంకొకడు పట్టుకుని నిలబడేవాడట. మాకు లెక్క సులువుగా తెలిసేది. చేయి ఖాళీ అయితే అందరూ వచ్చినట్టు.

ఆ నాలుగు పళ్ళేల పొద్దుటికి ముందు ఏడాది మే నెలలో ఈ ప్లీడరు గారి కుటుంబం నలుగురుగా వచ్చింది. సీమ వైపు మెట్ట ఊరు వాళ్ళది. పిల్లలిద్దరూ సముద్రం చూడటం అదే మొదటిసారి. నాలుగో రోజు పొద్దున్న తాత చేతి మీద ఒక తువ్వాలు మిగిలిపోయింది. అబ్బాయిది. పడవలు వేసుకుని రెండు రోజులు వెతికారు. దొరకలేదు.

తువ్వాలును మాత్రం తాత దించలేదు. మిగతావాళ్ళవి కుడిచేతి మీద వేసుకునేందుకు వీలుగా దాన్ని ఎడమ చేతి మీదికి మార్చుకున్నాడు. ఇంటికి వెళ్ళినప్పుడు చూరు కింద తెడ్డుకు వేలాడదీసేవాడట. పొద్దున్నే మళ్ళీ చేతి మీద వేసుకుని వచ్చేవాడు. మేము తువ్వాళ్ళు పెడన మగ్గాల దగ్గర నేయించేవాళ్ళం. ఆ ఏడు ఎర్ర అంచు వేయించాం, తర్వాతి ఏడు నీలం అంచు. అందువల్ల అది ఎక్కడున్నా కనిపించేది. కుడిచేతి మీద నీలం అంచులు వస్తూ పోతూ ఉండేవి. ఎడమ చేతి మీద ఎర్ర అంచు అలాగే ఉండేది.

అది ఎప్పుడూ తడిగా ఉండేది. ఉప్పుగాలికి బట్ట ఓ పట్టాన ఆరదు, నిజమే. కానీ మే నెల ఎండలో పక్కన వేసిన బట్ట గంటలో ఫెళఫెళలాడేది. నేను రెండు మూడుసార్లు దాన్ని ముట్టుకుని చూశాను. ఆ తర్వాత ముట్టుకోవడం మానేశాను.

ఏడాది తిరిగాక ఆ కుటుంబం మళ్ళీ వచ్చింది. అదే గది అడిగారు. అమ్మగారు నన్ను పిలిచి చాలా మర్యాదగా చెప్పారు. "పోయినసారి ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్ళారో ఈసారీ అలాగే తీసుకెళ్ళండి. భోజనాలు కూడా అవేనండి. మావాడు ఇంకా బయటికి రాలేదు కదా. వచ్చేసరికి అన్నీ వాడికి తెలిసినట్టే ఉండాలి."

నేను సరేనన్నాను. ఎదుటి మనిషి అంత నెమ్మదిగా మాట్లాడుతుంటే కాదనడానికి నోరు రాదు.

ఆ సాయంత్రం ప్లీడరు గారు ఒక్కరే ఆఫీసు గదికి వచ్చారు. "మా వాడికి కర్మ చేయనివ్వడం లేదండీ మా ఆవిడ. శవం దొరకలేదంటుంది. పైగా ఆ తువ్వాలు చేతి మీద ఉన్నంతవరకు మనిషి నీళ్ళలో ఉన్నట్టేనని పోయినసారి మీ తాత అన్నాడట. అదే పట్టుకుంది. మీరు మేనేజరు కదా, ఆయన చేత అది దింపించండి."

తాతను పిలిపించాను. ఉద్యోగం నాది కదా అని కాస్త గట్టిగానే చెప్పాను.

"ఉజ్జోగం తీసెయ్యండి బాబూ. గుడ్డ మాత్రం దించమనమాకండి" అన్నాడు తాత.

"మరి ఎవరికిస్తావు?"

"నీళ్ళల్లోంచి వచ్చి చెయ్యి చాపినోళ్ళకి. ఆ ఇంటి మడిసై ఉండాల. ఒడ్డున నించుని అడిగితే ఎట్టా ఇచ్చేది?"

మర్నాడు తెల్లవారగానే ప్లీడరు గారు పంచె పైకి కట్టి సముద్రంలోకి దిగారు. మోకాళ్ళదాకా వెళ్ళారు. అక్కడ ఆగిపోయారు. అలలు వస్తున్నాయి, పోతున్నాయి. ఆయన చాలాసేపు అలాగే నిలబడి వెనక్కి వచ్చేశారు. తాత దగ్గరికి వెళ్ళకుండా నేరుగా గదికి పోయారు.

మా వ్యాన్ డ్రైవరు బందరు సాయిబు. నోరు మంచిదే కానీ ఊరుకోదు. పోయినేడు కిటికీ పక్క సీటు కోసం అన్నాచెల్లెళ్ళు పోట్లాడుకుంటే, అన్నే నెగ్గాడట. ఈసారి కూడా ఆ సీటు ఖాళీగా వదిలేయాలన్నారు అమ్మగారు. అమ్మాయి మధ్యలో, ఇంజను వేడి తగిలేచోట కూర్చుంది. మొదటి రోజు బందరుకోటలో డచ్చివాళ్ళ సమాధులు చూసి వచ్చాక డ్రైవరు నన్ను వ్యాన్ దగ్గరికి పిలిచాడు.

"మేనేజర్ గారూ, ఒకసారి ఈ సీటు మీద చెయ్యి పెట్టండి."

నల్ల రెక్సిన్ సీట్లు. రోజంతా ఎండలో తిరిగిన బండి. మిగతా సీట్ల మీద చేయి పెడితే చురుక్కుమంది. కిటికీ పక్కది చల్లగా ఉంది. చల్లగా ఉన్నట్టు అనిపించింది. అనిపించిందనే రాస్తున్నాను.

"నీడలో పెట్టావేమోనయ్యా" అన్నాను.

"బందరుకోటలో నీడ ఎక్కడుందండీ? సమాధుల్లో ఉన్నోళ్ళకే లేదు" అన్నాడు. నవ్వబోయి ఆగిపోయాడు.

రెండో రోజు గుడివాడ. పోయినేడు నేను వెళ్ళలేదు, ఈసారి వెళ్ళాను. అక్కడ పాత బౌద్ధుల కాలం నాటి దిబ్బ ఒకటి ఉంది. దాని కింద తాటి ముంజలవాడు కూర్చుని ఉన్నాడు. మనిషికి రెండు చొప్పున ఇమ్మన్నాను. వాడు ఆకుల్లో పెట్టి అమ్మగారికి రెండు, ప్లీడరు గారికి రెండు, అమ్మాయికి రెండు, నాకు రెండు ఇచ్చాడు. ఇంకో ఆకు తీసి రెండు పెట్టి, చేయి చాపి పట్టుకున్నాడు.

"ఎవరికయ్యా?" అన్నాను.

"పైన దిబ్బెక్కిన బాబుకండీ. మీతో వచ్చినాయన కాదా?"

దిబ్బ మీద ఎవరూ లేరు. ఊళ్ళో కుర్రాళ్ళు ఎక్కి దిగుతూనే ఉంటారు, వాళ్ళలో ఎవరినైనా చూసి ఉంటాడు. పోయినేడు ఆ అబ్బాయి వీడి దగ్గరే కొన్నాడేమో, ఆ జ్ఞాపకమూ కావచ్చు. ప్లీడరు గారు మాత్రం గబగబా పైకి ఎక్కి నలువైపులా చూసి దిగివచ్చారు. అమ్మగారు పైకి చూడనే లేదు. ఆ ఆకు తీసుకుని, "వాడికి లేతవంటేనే ఇష్టం" అని ముంజలు వేలితో నొక్కి చూసి వెనక్కిచ్చారు. "ఇవి ముదిరాయి, వేరేవి ఇవ్వు నాయనా."

అమ్మాయి తన ఆకులోవి తినలేదు. నెమ్మదిగా వాటిని అన్న ఆకులోకి జార్చేసింది. అవి లేతవి. అమ్మగారు అది గమనించలేదు.

ఆ పిల్లను నేను ముందు నుంచీ పెద్దగా పట్టించుకోలేదు. ఎవరూ పట్టించుకోలేదు. తల్లి ఆమెతో ఆడిన మాటలన్నీ అన్నను గురించినవే. అన్నయ్యకు చోటు వదులు. అన్నయ్య కండువా మీద కూర్చోకు. ఆ మూడు రోజుల్లో తల్లి ఆమెను పేరు పెట్టి పిలవగా నేను వినలేదు. మూడో రోజు ఘంటసాల స్తూపం చూసి వచ్చి, ఆ పిల్ల తిన్నగా ఒడ్డుకు వెళ్ళి తాత పక్కన నిలబడింది. నేను కొంచెం వెనకగా సరుగుడు చెట్ల దగ్గర ఉన్నాను.

"తాతా, నేను దిగితే నా తువ్వాలు ఏ చేతి మీద వేసుకుంటావు?"

"కుడిచేతి మీదమ్మా."

"ఎడం చేతి మీద చోటు లేదా?"

"అది మీ అన్నది గదమ్మా."

"మా ఇంట్లో కూడా అంతే" అంది.

తాత తన ఎడమ చేతి కేసి చూసుకుని, "ఈడు నాకేమీ బరువు గాదు తల్లీ. గుడ్డే గదా" అన్నాడు.

"తడి గుడ్డ తాతా. అమ్మ పక్కలో కూడా రోజూ తడిగా ఉంటుంది. పరుపు ఎండలో వేసినా ఆరదు. ఏడుస్తుందేమోనని నాన్న అంటారు. అమ్మ ఏడవదు."

ఆ రాత్రి భోజనాల దగ్గర అమ్మగారు మామూలుగానే చెప్పారు, మర్నాడు నాలుగో రోజని, అబ్బాయి దిగిన వేళకు అందరం ఒడ్డున ఉండాలని. వాడు వచ్చేవరకు ఈసారి తాను ఊరికి రానని కూడా. ప్లీడరు గారు అన్నం కలుపుతున్న చేయి ఆపేశారు. "మరి అమ్మాయి?" అన్నారు. "దాన్ని మీరు తీసుకెళ్ళండి. దాని చదువు దానికుంటుందిగా" అన్నారావిడ. ఆ పిల్ల అక్కడే మజ్జిగ పోసుకుంటోంది.

నాలుగో రోజు పొద్దున్న గాలి లేదు. ఎండ అప్పుడే తీక్షణంగా ఉంది. ఇంకో గదిలో దిగిన కుటుంబం కూడా ఆ పూట నీళ్ళలోకి దిగలేదు. ఎవరూ వాళ్ళను వద్దనలేదు, వాళ్ళే దిగలేదు. తాత రెండు చేతులూ ముందుకు పట్టుకుని తన చోట నిలబడ్డాడు. కుడిచేయి ఖాళీ. ఎడమ చేతి మీద ఎర్ర అంచు. అమ్మగారు ఆయనకు కాస్త ఎడంగా ఇసుకలో కూర్చున్నారు. ప్లీడరు గారు నిలబడ్డారు. నేనూ డ్రైవరూ వెనక ఉన్నాం.

అమ్మాయి ఎప్పుడు కదిలిందో నేను చూడలేదు. చూసేసరికి పరికిణీ కుచ్చెళ్ళు నీళ్ళలో తేలుతున్నాయి. నడుము లోతులో ఉంది, ఇంకా నడుస్తోంది. ఎవరి చేతిలోనూ ఆమె తువ్వాలు లేదు.

"తల్లీ, ఆగు" అన్నాడు తాత. గొంతు పెంచలేదు.

ప్లీడరు గారు పరుగెత్తారు. మొన్న తాను ఆగినచోటు దాటి, పంచె ఊడిపోతున్నా వెళ్ళారు. అంతలో ఒక అల లేచింది, పెద్దదేమీ కాదు. అది విరిగాక చూస్తే అక్కడ అమ్మాయి లేదు. ఉత్త నురుగు.

అప్పుడు అమ్మగారు లేచి ఆ పిల్లను పేరు పెట్టి పిలిచారు. ఆ పేరు నేను ఇక్కడ రాయను. ఒక్కసారే పిలిచారు. ఏడాదిగా ఎవరూ తీయని తలుపు తీసినప్పటిలా ఉంది ఆ గొంతు.

ఎంతసేపో చెప్పలేను. ఎక్కువసేపు కాదు. కొంచెం పక్కగా అమ్మాయి తల పైకి వచ్చింది. నిలదొక్కుకుంది. తండ్రి చేయి పట్టుకోబోతే విడిపించుకుని ఒడ్డుకు నడిచింది. తల్లిని దాటి వెళ్ళింది. నీళ్ళు కారుతూ తాత ఎదుట నిలబడి చేయి చాపింది.

తాత ఆమె ముఖంలోకి చూశాడు. ఇస్తాడో ఇవ్వడో నాకు తెలియలేదు. అమ్మగారికీ తెలియలేదు.

"వెనక ఎవరన్నా ఉన్నారా?" అని అడిగాడు తాత. రోజూ అందరినీ అడిగినట్టే అడిగాడు.

అమ్మాయి వెనక్కి తిరిగింది. జనం ఊరికే అలా తిరిగి ఇలా చెప్పేసేవారు. ఆ పిల్ల అలా చెప్పలేదు. చాలాసేపు చూసింది. ఒకచోటే చూసింది. చూస్తూ చూస్తూ ఒకసారి తల చిన్నగా ఊపింది, ఎవరో ఏదో అంటే సరేనన్నట్టు. నేను అటు చూడలేదు. చూడాలనిపించలేదు.

తర్వాత ఇటు తిరిగి, "లేరు తాతా" అంది.

తాత ఎడమ చేయి ముందుకు చాపాడు. ఆమె తువ్వాలు తీసుకుంది. కానీ తుడుచుకోకుండా పట్టుకుని నిలబడింది, ఇక ఏం చేయాలో తెలియనట్టు. అమ్మగారు వచ్చారు. కొంచెంసేపు ఆ ఎర్ర అంచునే చూశారు. తర్వాత దాన్ని కూతురి చేతిలోంచి తీసుకుని, తల మీద వేసి గట్టిగా తుడవడం మొదలుపెట్టారు.

"తల తడిగా ఉంటే జలుబు చేస్తుందే. ఎన్నిసార్లు చెప్పాలి నీకు" అన్నారు.

ఆ పిల్ల అప్పుడు ఏడ్చింది.

మర్నాడు వాళ్ళను దివిసీమకు, హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసేచోటికి తీసుకెళ్ళాం. అక్కడ ప్లీడరు గారు కొడుక్కు చేయవలసింది చేశారు. పోయినేడు వాళ్ళు చూసిన చోట్లలో అది లేదు. వ్యాన్‌లో కిటికీ పక్కన అమ్మాయి కూర్చుంది. దారిలో ఓచోట, సీటు కాలుతోందని లేచి కండువా వేసుకుని కూర్చుంది. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు.

వాళ్ళు వెళ్ళిపోయిన చాలా రోజులకు, అతను మనసులో పెట్టుకున్న మాట చెప్పాడు. "ఆ అల విరిగాక నీళ్ళలో నాకు రెండు తలలు కనబడ్డాయండి మేనేజర్ గారూ. అమ్మాయిని ఒడ్డు వైపుకి తోసినట్టు. బయటికొచ్చింది ఒకటే."

"ఎండలో అలా కనిపిస్తుందయ్యా" అన్నాను.

"అంతేనండి" అన్నాడు.

ఎర్ర అంచు తువ్వాలు మా దండెం మీదే వదిలి వెళ్ళారు. ఆ పూటే ఆరిపోయింది. పట్టుకుంటే ఉప్పు రాలింది. వంటామె దాన్ని ఉతికి మిగతావాటిలో కలిపేసింది. తాత ఎడమ చేయి మాత్రం ఆ తర్వాత కూడా మోచేతి దగ్గర కొంచెం వంగే ఉండేది. వేళాకోళం ఆడితే, "బరువు పొయ్యాక తేలిగ్గా ఉంటదనుకున్నానయ్యా. ఉండట్లా" అనేవాడు.

విడిది తర్వాత కొన్నేళ్ళకు మూతపడింది. నేను వేరేచోట చేరాను. తాత పని మానేసి దివిసీమలో కూతురి ఊరికి వెళ్ళాడు. డెబ్బై ఏడు నాటి ఉప్పెనకు ఆ ఊరు పోయింది. నీళ్ళు తీశాక నేనూ డ్రైవరూ వెళ్ళి వెతికాం. ఆయన మాకు దొరకలేదు. అలాంటి రోజున ఒడ్డన్నది ఎక్కడుందో కూడా తెలియలేదు, ఇక నిలబడి ఆయన తలగుడ్డ పట్టుకునే మనిషి ఎవరుంటారు.

పోయిన వేసవిలో అదే ఒడ్డుకు వెళ్ళాను. జనం చాలామంది ఉన్నారు. బట్టలు, చెప్పులు ఇసుక మీద గుట్టలుగా వదిలి నీళ్ళలోకి దిగుతున్నారు, వచ్చి ఎవరివి వాళ్ళు వెతుక్కుంటున్నారు. వెనక ఎవరైనా ఉన్నారా అని ఇప్పుడు అక్కడ ఎవరూ అడగరు.